లెక్కలోకి రానివాళ్లు

రోజూ పాలు తాగితే పిల్లలు బాగా ఎదుగుతారా? దీన్ని తేల్చడానికి 1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో 67 బడుల్లో 20,000 మంది పిల్లల మీద ప్రయోగం చేశారు. పదివేల మందికి రోజుకు ముప్పావు పింటు, మన కొలతలో సుమారు 425 మిల్లీలీటర్ల పాలు పోశారు. మిగతా పదివేల మందికి పోయలేదు. వాళ్లు పోలిక కోసం. ఫిబ్రవరిలో అందర్నీ తూచి, ఎత్తు కొలిచి, జూన్‌లో మళ్లీ అదే పని చేశారు.

పాలు ఎవరికి పోయాలో చీటీలు తీసో, పేర్ల అక్షరక్రమం చూసో నిర్ణయించమన్నారు. ఒక జట్టులో బలమైన పిల్లలో బక్క పిల్లలో మరీ ఎక్కువైతే కొందరిని అటూ ఇటూ మార్చుకోవచ్చని కూడా అన్నారు. ఆ చిన్న వెసులుబాటే కొంప ముంచింది. చిక్కిపోయిన పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే "నీకు పాలు లేవు" అనడానికి ఏ టీచరుకు నోరొస్తుంది? పాలు తాగే జట్టులోకి పేద పిల్లలు ఎక్కువగా చేరారు. ప్రయోగం మొదలైన నాటికే రెండో జట్టు పిల్లలు బరువులో సుమారు మూడు నెలల ఎదుగుదలంత, ఎత్తులో నాలుగు నెలల ఎదుగుదలంత ముందున్నారు.

ఇంకో చిక్కు ఉంది. పిల్లల్ని బట్టలతోనే తూచారు. ఫిబ్రవరి చలికి కలిగిన ఇంటి పిల్లలు మందపాటి బట్టలు వేసుకుని వచ్చారు, జూన్‌లో పల్చటివి వేసుకున్నారు. పేద పిల్లలకు వేసవిలో తీసేయడానికి చలి బట్టలే సరిగ్గా లేవు. దాంతో కలిగిన పిల్లలు పెరిగిన బరువులో కొంత వాళ్లు విప్పేసిన బట్టలతో పాటే లెక్కలోంచి జారిపోయింది. ఇదంతా 1931లో బయటపెట్టినవాడు డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే విలియం గాసెట్. 'స్టూడెంట్' అనే మారుపేరుతో రాసేవాడు. డిగ్రీలో గణాంక శాస్త్రం చదివిన ప్రతివాళ్లకూ 'స్టూడెంట్ టి-పరీక్ష'గా ఆ పేరు తెలుసు. ఒకే పోలిక గల కవలల జంటలు ఓ యాభై దొరికినా ఇరవై వేల మందికన్నా నమ్మకమైన జవాబు, ఎంతో తక్కువ ఖర్చుతో వచ్చి ఉండేదని ఆయన వాదన.

ఆ టీచర్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఎంపికను మనుషుల చేతికి వదిలేస్తే అందులోకి మనసు కూడా వస్తుందని పథకం వేసినవాళ్లకు ముందే తెలియాల్సింది. నమూనాలో పక్షపాతం అనగానే ఎవరో కావాలని మోసం చేశారని అనుకుంటాం. చాలాసార్లు అది దయ వల్లో, అలవాటు వల్లో, సౌకర్యం చూసుకోవడం వల్లో వస్తుంది.

◆

దయకు చోటే లేని పనిలోనైనా చెయ్యి నిష్పక్షపాతంగా ఉంటుందా? రాళ్లతో చేసిన ఒక పరీక్ష గురించి వినండి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఫ్రాంక్ యేట్స్ 1930లలో దీని గురించి రాశాడు. బల్ల మీద రకరకాల సైజుల్లో సుమారు 1,200 రాళ్లు పరిచారు. మొత్తం రాళ్లకు సరిగ్గా ప్రతినిధులుగా ఉండేలా ఇరవై రాళ్లు ఏరమని పన్నెండు మందికి చెప్పారు, ఒక్కొక్కరి చేత మూడుసార్లు ఏరించారు. ఏరిన రాళ్ల సగటు బరువు చాలామటుకు అసలు సగటుకన్నా ఎక్కువే వచ్చింది. అందరూ శ్రద్ధగానే ఏరారు. పెద్ద రాయి కంట్లో ముందు పడుతుంది, అంతే.

దీన్ని తరగతి గదిలో పైసా ఖర్చు లేకుండా చేయించవచ్చు. అమెరికాలో పిల్లల చేతికి అబ్రహాం లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం కాగితం ఇచ్చి, మొత్తం పదాలకు నమూనాగా ఉండే పది పదాలు ఎంచుకోమంటారు. ఆ ప్రసంగంలో 268 పదాలు, సగటున పదానికి 4.3 అక్షరాలు. పిల్లలు ఎంచుకున్నవాటి సగటు మాత్రం దాదాపు ఎప్పుడూ అంతకు మించే వస్తుంది. మన తెలుగు వాచకంలో ఏ పేజీ తీసుకున్నా ఇదే జరుగుతుంది. 'ఆ', 'ఈ', 'ఒక' లాంటి మాటల మీద ఎవరి వేలూ ఆగదు. అవే పదాలకు వరుసగా నంబర్లు వేసి, చీటీలు తీసి పది ఎంచుకుంటే తరగతి మొత్తం తీసిన నమూనాల సగటు అసలు సగటుకు దగ్గరగా వచ్చి నిలబడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు నమూనా గురించి గంటసేపు చెప్పే బదులు ఇది ఒక్కసారి చేయిస్తే చాలునని నా నమ్మకం.

◆

రాళ్ల దగ్గర కన్ను చేసిన పొరపాటే పొలంలో హద్దుమీది మొక్క దగ్గరా జరుగుతుంది. కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1930లు, 40లలో బెంగాల్‌లో జనపనార, వరి పంటల మీద నమూనా సర్వేలు చేయించాడు. పొలంలో చిన్న ముక్కను గుర్తించి, దానిలోని పంట మాత్రమే కోసి తూచి, మొత్తం దిగుబడిని అంచనా కట్టడం పద్ధతి. ముక్క ఎంత చిన్నదైతే దిగుబడి అంత ఎక్కువగా కనబడుతోందని గమనించారు. కారణం హద్దు. సరిగ్గా గీత మీద ఉన్న మొక్క లోపలిదా, బయటిదా? కోసేవాడు దాన్ని లోపలికే కలుపుకుంటాడు. ముక్క చిన్నదైన కొద్దీ వైశాల్యంతో పోలిస్తే హద్దు ఎక్కువ, తప్పూ ఎక్కువే.

ఈ సంగతి మన రైతులకు నేరుగా తగులుతుంది. పంటల బీమా పరిహారం చాలాచోట్ల పంట కోత ప్రయోగాల్లో తేలిన దిగుబడి మీద ఆధారపడుతుంది. దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తే నష్టపోయిన ఊరికి పరిహారం తగ్గిపోతుంది, ఒక్కోసారి అసలే రాదు. అందుకే కోత ముక్కను అధికారి ఇష్టానికి గానీ రైతు ఇష్టానికి గానీ వదలరు. పొలం నైరుతి మూల నుంచి పొడవుగా ఎన్ని అడుగులు, అడ్డంగా ఎన్ని అడుగులు వెయ్యాలో యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెబుతుంది. అడుగులు ఎక్కడ ఆగితే అక్కడే కోయాలి. అక్కడ పైరు బాగా లేకపోయినా, దారికి దూరమైనా సరే.

అన్నట్టు, మొట్టమొదటి యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక 1927లో వచ్చింది. గణాంకవేత్త ఎల్.హెచ్.సి. టిపెట్ జనాభా లెక్కల నివేదికల్లోంచి 41,600 అంకెలు ఏరి అచ్చువేశాడు.

◆

చీటీలు తీసినా సరిగ్గా కలపకపోతే వృథా. ఈ మాటకు సాక్ష్యం 1969 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో దొరికింది, అదీ కుర్రవాళ్ల ప్రాణాల మీద. వియత్నాం యుద్ధానికి ఎవర్ని ముందు పిలవాలో పుట్టినరోజులను బట్టి నిర్ణయించడానికి 366 తేదీలను ఒక్కో ప్లాస్టిక్ గొట్టంలో పెట్టారు. జనవరి గొట్టాలు ముందు పెట్టెలో పోశారు, తర్వాత ఫిబ్రవరి, అలా డిసెంబర్ దాకా. కాస్త కలిపి, గాజు జాడీలోకి వంచి, పైనుంచి ఒక్కొక్కటే తీశారు. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. తీయడం పూర్తయ్యాక చూస్తే సంవత్సరం చివరి నెలల్లో పుట్టినవాళ్లకు ముందు నంబర్లు ఎక్కువగా పడ్డాయి. ఆ లాటరీలో 195వ నంబరు దాకా సైన్యంలోకి పిలిచారు. డిసెంబర్‌లోని 31 తేదీల్లో 26 ఆ హద్దు లోపలే ఉన్నాయి. మరుసటి ఏడాది పద్ధతి మార్చారు. తేదీలకు ఒకటి, నంబర్లకు ఒకటి చొప్పున రెండు డ్రమ్ములు పెట్టి, వాటిని నింపే వరుసను కూడా యాదృచ్ఛిక పట్టికలతోనే నిర్ణయించారు.

◆

ఈ పాఠం చెప్పే ప్రతి పుస్తకంలోనూ ఉండే కథ అమెరికా పత్రిక 'లిటరరీ డైజెస్ట్'ది. అందులో సగమే ఎక్కువమందికి తెలుసు. 1936 అధ్యక్ష ఎన్నికల ముందు ఆ పత్రిక కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్‌కు 57 శాతం, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 43 శాతం అని ప్రకటించింది. ఫలితాలొస్తే రూజ్‌వెల్ట్‌కు దాదాపు 61 శాతం. 48 రాష్ట్రాల్లో లాండన్‌కు మిగిలినవి మెయిన్, వెర్మాంట్ రెండే. రెండేళ్లు తిరక్కుండానే పత్రిక మూతపడింది.

చిరునామాలు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నారు, ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ధనికులు, అందుకే తప్పిందని వివరణ. అది నిజమే కానీ చాలదు. 1988లో రాజకీయ శాస్త్రవేత్త పెవెరిల్ స్క్వయర్ 1937 నాటి గాలప్ సర్వే సమాచారాన్ని తిరగదోడి చూశాడు. కార్డులు అందినవాళ్లంతా జవాబు రాసి ఉంటే పత్రిక రూజ్‌వెల్టే గెలుస్తాడని చెప్పగలిగేదని తేలింది. కార్డు అందుకుని పక్కన పడేసినవాళ్లలో రూజ్‌వెల్ట్ వైపువాళ్లు ఎక్కువ. అడిగిన జాబితా ఒక తప్పు, జవాబివ్వనివాళ్లు రెండో తప్పు. బడిలో ఈ కథ చెప్పేటప్పుడు ఈ రెండోది తప్పకుండా చెప్పాలి. జాబితాను సరిచేయడం మన చేతిలో ఉంది, నోరు విప్పనివాళ్ల సంగతే కష్టం.

అదే 1936లో, సర్వేలు చేయించే జార్జ్ గాలప్ సుమారు యాభై వేల మందిని అడిగి రూజ్‌వెల్ట్‌కు 56 శాతం అన్నాడు. అంతకన్నా ఆశ్చర్యం మరొకటి. డైజెస్ట్ వాడే జాబితాల్లాంటివాటి నుంచే మూడు వేల మందిని తీసుకుని, రూజ్‌వెల్ట్‌కు ఆ పత్రిక 44 శాతం చూపిస్తుందని కార్డులు వెళ్లకముందే చెప్పేశాడు. ఆ కోటి కార్డుల తప్పు ఒక్క శాతం తేడాతో ముందే తెలిసిపోయింది. పక్షపాతం ఉన్న నమూనాను పెంచుకుంటూ పోతే తప్పు కరగదు, మరింత గట్టిపడుతుంది.

గాలప్‌కూ ఎదురుదెబ్బ తగిలింది. 1948 అధ్యక్ష ఎన్నికల్లో డ్యూయీ గెలుస్తాడన్నాడు, ట్రూమన్ నాలుగు శాతానికి పైగా ఆధిక్యంతో గెలిచాడు. ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది మగవాళ్లు, ఈ వయసువాళ్లు ఇంతమంది అని కోటా ఇచ్చి, ఆ కోటాలో ఎవర్ని అడగాలో సర్వే చేసేవాళ్లకే వదిలేశారు. వాళ్లు సులువుగా దొరికేవాళ్లను అడిగారు. పైగా పోలింగు దాకా ఆగకుండా ముందే అడగడం ఆపేశారు. ఆ దెబ్బతో కోటా పద్ధతికి అమెరికాలో కాలం చెల్లింది.

◆

ఇది పాతకాలపు ముచ్చటే అనుకునేవాళ్ల కోసం 2021 మే నెల సంగతి. అమెరికాలో కోవిడ్ టీకా ఎంతమంది వేయించుకున్నారో తెలుసుకోవడానికి ఫేస్‌బుక్ ద్వారా వారానికి సుమారు రెండున్నర లక్షల మందిని అడిగిన సర్వే ఒకటి, వారానికి వెయ్యి మందిని అడిగిన సర్వే మరొకటి నడిచాయి. ప్రభుత్వ లెక్కలతో పోలిస్తే పెద్ద సర్వే 17 శాతం పాయింట్లు ఎక్కువ చెప్పింది. వెయ్యి మందిని జాగ్రత్తగా ఎంచుకున్న చిన్న సర్వే అసలు సంఖ్యకు దగ్గరగా ఉంది. 'నేచర్' పత్రికలో ఆ ఏడాది చివర వచ్చిన పరిశోధన ప్రకారం, ఆ రెండున్నర లక్షల జవాబుల విలువ నిజంగా యాదృచ్ఛికంగా ఎంచుకున్న పది మంది జవాబులంత. లక్షల మంది చెప్పారు అన్న మాట వినగానే నమ్మే అలవాటు మనందరికీ ఉంది. ఫోన్లో కనబడే ప్రతి ఓటింగుకూ ఈ లెక్క వర్తిస్తుంది.

ఉత్తరాల కాలంలోనూ అంతే. 1970లలో అమెరికా కాలమిస్టు ఆన్ లాండర్స్ తన పాఠకులను అడిగింది: మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంటే పిల్లల్ని కంటారా అని. సుమారు పదివేల జవాబులొచ్చాయి, 70 శాతం వద్దన్నారు. తర్వాత ఒక దినపత్రిక దేశమంతటా యాదృచ్ఛికంగా ఎంచుకున్న తల్లిదండ్రులను అడిగితే 91 శాతం కంటామన్నారు. పిల్లల వల్ల కడుపు రగిలినవాళ్లు కాగితం, కలం తీసుకుని కూర్చున్నారు. పిల్లలతో హాయిగా ఉన్నవాళ్లకు రాయాలనే తోచలేదు.

◆

చెప్పాలని తోచనివాళ్లు కొందరైతే, చెప్పడానికి మిగలనివాళ్లు మరికొందరు. 1987లో న్యూయార్క్ పశువుల ఆసుపత్రి వైద్యులు ఎత్తైన భవనాల నుంచి పడిన 132 పిల్లుల వివరాలు ప్రచురించారు. ఏడంతస్తుల దాకా దెబ్బలు పెరిగాయి, అంతకన్నా ఎత్తు నుంచి పడ్డవాటికి దెబ్బలు తగ్గాయి! గాలిలో వేగం స్థిరపడ్డాక పిల్లి ఒళ్లు వదులు చేస్తుందని వాళ్ల వివరణ. కావచ్చు. కానీ పడగానే చచ్చిపోయిన పిల్లిని ఆసుపత్రికి ఎవరు తీసుకొస్తారు?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఇలాంటి ప్రశ్నకే జవాబు చెప్పినవాడు గణాంకవేత్త అబ్రహాం వాల్డ్. తిరిగొచ్చిన బాంబర్ విమానాల మీద తూటా రంధ్రాలు ఎక్కడ ఎక్కువున్నాయో చూసి అక్కడ కవచం వేయాలనిపించడం సహజం. తిరిగొచ్చినవాటిలో రంధ్రాలు ఎక్కడ కనబడటం లేదో అక్కడ తగిలినవే కూలిపోయి ఉంటాయని వాల్డ్ లెక్క కట్టాడు. ఆయనకు మన దేశంతో విషాదకరమైన బంధం ఉంది. భారత ప్రభుత్వ ఆహ్వానం మీద ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, 1950 డిసెంబర్ 13న నీలగిరి కొండల్లో జరిగిన విమాన ప్రమాదంలో భార్యతో సహా చనిపోయాడు. వయసు 48.

◆

బడిలో లేనివాళ్ల గురించి బడిలో అడగలేం. వాన పడ్డ రోజున "బడికి నడిచి వచ్చేవాళ్లెంతమంది?" అని తరగతిలో అడిగితే, దూరం నుంచి నడిచి రాలేక ఇంట్లో ఆగిపోయినవాళ్లు లెక్కలో ఉండరు. హాజరుపట్టీలో మగపిల్లల పేర్లు ముందు, ఆడపిల్లల పేర్లు తర్వాత రాసి ఉంటే మొదటి పది మందిని తీసుకున్న నమూనాలో ఒక్క అమ్మాయి కూడా ఉండకపోవచ్చు. వీధిలో ప్రతి ఐదో ఇంటికీ వెళ్దామన్నా, ఆ ఐదో ఇల్లు ప్రతిసారీ మూల ఇల్లే అయితే పెద్ద స్థలాల్లో ఉన్నవాళ్లనే అడిగినట్టవుతుంది.

మన పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు చేయడం ఎంతవరకు వచ్చో చూడటానికి ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన 'అసర్' సర్వే ఈ కారణంగానే బడికి కాక ఇళ్లకు వెళ్తుంది. జిల్లాకు ముప్పై ఊళ్లు, ఊరికి ఇరవై ఇళ్లు. సర్కారు బడి పిల్ల, ప్రైవేటు బడి పిల్లవాడు, మధ్యలో మానేసినవాడు, పేరే నమోదు కానిది, ఆ రోజు ఎగ్గొట్టినవాడు, అందరూ ఇంటి దగ్గర దొరుకుతారు. బడిలో పరీక్ష పెట్టి "మా పిల్లలకు ఇంత వచ్చు" అని చెప్పే ప్రతి అంకె పక్కనా, ఆ రోజు హాజరు ఎంతో కూడా రాయించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

◆

లెక్కలోకి రాకపోవడం ఒక చిక్కైతే, రావాల్సినదానికన్నా ఎక్కువగా రావడం ఇంకో చిక్కు. బస్సు ఎప్పుడూ ఆలస్యమే అనిపిస్తుంది, ఎందుకు? బస్సుల మధ్య ఒకసారి పది నిమిషాలు, మరోసారి యాభై నిమిషాలు ఎడం ఉందనుకోండి. డిపో లెక్కలో సగటు ఎడం ముప్పై. అంటే సగటున పదిహేను నిమిషాలు నిలబడితే చాలాలి. కానీ గంటలో యాభై నిమిషాలు ఆ పెద్ద ఎడమే ఆక్రమించింది. మీరు స్టాపుకు వచ్చే క్షణం అందులోనే పడే అవకాశం ఆరింట ఐదు వంతులు. లెక్క కడితే సగటు నిరీక్షణ దాదాపు 22 నిమిషాలు. డిపో చెప్పిందీ నిజమే, మీ కాళ్ల నొప్పీ నిజమే. డిపోవాళ్లు బస్సులను లెక్కపెట్టారు, మీరు నిమిషాలను లెక్కపెట్టారు.

◆

ఇదే కిటుకు కుటుంబాల దగ్గర ఇంకా బాగుంటుంది. మూడిళ్లలో ఒకరు, ఇద్దరు, ఆరుగురు చొప్పున పిల్లలున్నారు. ఇంటికి సగటున ముగ్గురు. ఆ తొమ్మిది మంది పిల్లల్నీ బడిలో నిలబెట్టి "మీ ఇంట్లో ఎంతమంది పిల్లలు?" అని అడిగితే జవాబుల సగటు నాలుగున్నర దాటుతుంది. ఆరుగురున్న ఇల్లు ఆరుసార్లు చెయ్యెత్తుతుంది. పిల్లల్లేని ఇల్లు ఒక్కసారి కూడా ఎత్తదు.

తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో బడి చదువు చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుకు ఈ సంగతి మీద మక్కువ. 102 ఏళ్ల వయసులో, 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకున్నాడు, ఆ ఏడు ఆగస్టులోనే కన్నుమూశాడు. ఉపన్యాసాలకు వెళ్లిన చోటల్లా తరగతిలోని మగపిల్లలను ఒక ప్రశ్న అడిగేవాడు: నీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములెంతమంది, అక్కచెల్లెళ్లెంతమంది? వాల్తేరు, తిరుపతి, హైదరాబాద్‌లతో పాటు విదేశీ నగరాల్లోనూ అడిగాడు. ఎక్కడ అడిగినా అన్నదమ్ములే సగానికి మించి తేలారు.

ఎందుకో చిన్న లెక్కతో చూడవచ్చు. ఇద్దరేసి పిల్లలున్న నాలుగిళ్లు: మగ మగ, మగ ఆడ, ఆడ మగ, ఆడ ఆడ. నలుగురు మగ, నలుగురు ఆడ, సరిసమానం. మగపిల్లల తరగతిలో నిలబడేది నలుగురు కుర్రాళ్లు. మొదటి ఇంటివాళ్లు ఇద్దరూ చెరో రెండు చొప్పున అన్నదమ్ములను చెబుతారు. మిగతా ఇద్దరూ అన్నదమ్ములు ఒకటి, అక్కచెల్లెళ్లు ఒకటి అంటారు. మొత్తం అన్నదమ్ములు ఆరు, అక్కచెల్లెళ్లు రెండు. నాలుగో ఇంటి ఆడపిల్లలు ఆ గదిలోకి రానే లేదు. మొదటి ఇల్లు రెండుసార్లు వచ్చింది.

రావు చూపిన దిద్దుబాటు ఎంతో సులువు. ప్రతి కుర్రాడూ తనను తాను తీసేసి లెక్క చెప్పాలి. ఆరులోంచి నాలుగు పోతే అన్నదమ్ములు రెండు, అక్కచెల్లెళ్లు రెండు. ఆడపిల్లల బడిలో అడిగితే మొదట అక్కచెల్లెళ్లు ఎక్కువ తేలతారు, తనను తాను తీసేసుకుంటే మళ్లీ సగానికి దగ్గరగా వస్తుంది. అమ్మాయిలు, అబ్బాయిలు కలిసి చదివే తరగతిలో రెండు జట్లుగా అడిగి, నల్లబల్ల మీద పక్కపక్కన రాయిస్తే పావుగంటలో అయిపోతుంది.